చిట్టా చేతిలో ఉన్నది, ఆవర్జా ఎక్కడ?



ఈ కాలములో ఏదో ఒకటి వ్రాసి పెట్టుకొనని ఇల్లు లేదు. గోడమీది క్యాలెండరులో పాల లెక్క ఉండును. అలమరలో పాత నోటుపుస్తకము ఉండును. ఇక ఫోను తెరచి చూచినచో, తమకు తామే వాట్సాప్‌లో పంపుకొన్న సందేశములు, ఫొటో తీసి ఉంచిన రసీదులు, ఎప్పుడో వ్రాసుకొన్న నోట్సు వందల కొలది కనబడును. అయినను బ్యాంకు గడువు దాటిపోవుచున్నది. పశువులకు టీకా వేయించు దినము తప్పిపోవుచున్నది. వ్రాసినది ఎక్కడ వ్రాసితిమో వెదకుటకే ఒక పూట పట్టుచున్నది. "అన్నీ రాసుకుంటూనే ఉన్నామండీ, అయినా పనులు తెమలడం లేదు" అను మాట ఇళ్లలో తరచుగా వినుచున్నాము. ఈ నెల ఆ మాటను గూర్చియే మీతో ముచ్చటింప కోరుచున్నాము.

మరపు ఖరీదు

మరపును మనము చిన్న విషయముగా తీసికొందుము. లెక్క వేసి చూచిన అది చిన్నది కాదు.

రైతులకు 3 లక్షల రూపాయల వరకు 7 శాతము వడ్డీకి ఇచ్చు పంటరుణము సంగతి చూడండి. గడువులోగా తీర్చిన రైతుకు 3 శాతము తగ్గి, 4 శాతము వడ్డీయే పడును. ఈ ఏర్పాటును కేంద్ర ప్రభుత్వము 2025-26 సంవత్సరమునకు కూడ కొనసాగించినది. గడువు దాటినచో ఆ తగ్గింపు పోవును. లక్ష రూపాయల అప్పుమీద ఏడాదికి అది 3 వేల రూపాయలు. డబ్బు చేతిలో ఉండి కూడ తేదీ మరచినందుకు చెల్లించు మూల్యమది.

2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకములో చేరిన రైతు, వడగండ్లవలన గాని పొలము మునుగుటవలన గాని పంట పోయినచో 72 గంటలలోగా తెలియజేయవలెను. మూడు దినములే! ఎవరికి చెప్పవలెనో, పాలసీ కాగితము ఎక్కడ ఉన్నదో వెదకుటలో ఆ మూడు దినములు గడచిపోవును. జీవిత బీమా ప్రీమియము సంవత్సరమునకో ఆరు నెలలకో మూడు నెలలకో కట్టువారికి గడువు తరువాత 30 దినములు, నెలనెలా కట్టువారికి 15 దినములు మాత్రమే వెసులుబాటు ఉన్నది.

ఇంకొకటి వినండి. పది సంవత్సరములు ఎవరును కదిలింపని బ్యాంకు డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు వద్దనున్న ప్రత్యేక నిధికి పంపవలెను. 2023 ఫిబ్రవరి నాటికి ప్రభుత్వ రంగ బ్యాంకులు ఆలాగు పంపిన సొమ్ము 35,012 కోట్ల రూపాయలు. డిపాజిట్టు చేసిన వ్యక్తి మరణించగా వారసులెవరును వచ్చి అడుగకపోవుట దానికి ఒక కారణము. అటువంటి ఖాతాలను వెదకుకొనుటకై రిజర్వు బ్యాంకు 2023 ఆగష్టులో 'ఉద్గమ్' అను పోర్టలును ప్రారంభించినది. వారసులు ఇప్పటికైనను అడిగి తీసికొనవచ్చును. అయితే ఖాతా ఉన్నదని ఇంటివారికి తెలియవలెను గదా?

షావుకారు రెండు పుస్తకములు

ఇంతగా వ్రాసికొనుచున్నను పనులు ఎందుకు జారిపోవుచున్నవి? దీనికి సమాధానము మన పాత అంగళ్లలోనే ఉన్నది. పూర్వము షావుకారు రెండు పుస్తకములు ఉంచెడివాడు. మొదటిది చిట్టా. ఏ రోజు లావాదేవీ ఆ రోజే, వచ్చినది వచ్చిన వరుసలో చిట్టాకెక్కును. రెండవది ఆవర్జా. అందులో ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క పుట. చిట్టాలోనిదానిని తీసి, ఎవరి పద్దు వారి పుటలో మరల వ్రాయుదురు. చిట్టా మాత్రమే ఉన్న షావుకారుకు నిన్న ఏమి అమ్మెనో తెలియును గాని, ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలియదు. దానికి ఆవర్జా కావలెను.

మన ఫోనులలో ఉన్నదంతయు చిట్టాయే. ఎరువుల ధర, మేస్త్రీ నంబరు, అమ్మాయి ఫీజు గడువు, అమ్మ మందుల పేర్లు, అన్నియు ఒకదాని క్రింద ఒకటి పడియున్నవి. వాటిని తీసి ఏ కార్యమునకు చెందినది ఆ కార్యము పుటలో వేయువాడు లేడు. వ్రాయుట మనకు బాగుగా అలవాటైనది. ఎక్కించుట అలవాటు కాలేదు. మేము చెప్పదలచినది ఈ ఒక్క మాటయే.

కార్యము వేరు, పని వేరు

ఎక్కించుటకు ముందు ఒక భేదము తెలిసికొనవలెను. "పడమటి గదికి కప్పు" అని వ్రాసికొన్నారనుకొనండి. ఆ మాట చూచిన ప్రతిసారి గుండె బరువెక్కును గాని చేయి కదలదు. ఏలయనగా కప్పు వేయుట ఒక పని కాదు, ఒక కార్యము. అందులో పది పనులున్నవి. "శనివారము ఉదయము మేస్త్రీని పిలిచి కొలతలు తీయించుట" అనునది పని. ఒకరు ఒక పూటలో చేయగలది పని. అనేక పనులు కలసి ముగియునది కార్యము.

ఇవిగాక మరి రెండు రకములున్నవి. పశువుల పోషణ, పెద్దల ఆరోగ్యము, పసిబిడ్డల టీకాలు వంటివి ముగింపు లేని బాధ్యతలు. మోటారు ఎన్ని హార్స్‌పవరుదో, క్రిందటి ఏడు ఏ రకము విత్తనము వేసితిమో, అది ఎంత దిగుబడి ఇచ్చెనో, ఇవి చేయవలసినవి కావు, తెలిసియుండవలసిన వివరములు. అమెరికా దేశస్థుడైన టియాగో ఫోర్టే అను రచయిత ఈ రీతిగానే కార్యములు, బాధ్యతలు, వివరములు, ముగిసినవి అని నాలుగు అరలు చేసి వ్రాతలను సర్దుకొను పద్ధతిని ప్రచారము చేసెను. అంతకుముందే 2001లో డేవిడ్ ఆలెన్ అను ఆయన తన పుస్తకములో, ప్రతి కార్యమునకు "తరువాత చేయవలసిన పని" ఏదో నిర్ణయించి వ్రాయవలెనని బోధించెను. ఈ రెండును చాలును. మనకు అంతకంటె పెద్ద శాస్త్రము అక్కరలేదు.

తరువాతి పనిని నిర్ణయించుటలో అంత మేలేమున్నది? 2011లో మాసికాంపో, బామైస్టర్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రచురించిరి. చేయవలసిన కార్యము మిగిలియున్నవారికి చదువుచున్నప్పుడు కూడ ఆ తలంపే మాటిమాటికి అడ్డు వచ్చెను. అయితే ఎప్పుడు, ఎక్కడ, ఏలాగు చేయుదుమో స్పష్టముగా ఏర్పాటు చేసికొన్నవారికి, పని ఇంకను జరుగకపోయినను, ఆ అలజడి తగ్గిపోయెను. రాత్రివేళ నిద్ర పట్టక దొర్లుచు "అది చేయాలి, ఇది చేయాలి" అని లెక్కించువారు మనలో ఎందరో ఉన్నారు. అప్పుడు చీటీమీద పేరు మాత్రమే వ్రాసినచో చాలదు. దినమును, మొదటి అడుగును కూడ వ్రాయవలెను.

ఫోనులో ఆవర్జా

ఇందుకు అనేక సాధనములున్నవి. మైక్రోసాఫ్ట్ వారి వన్‌నోట్ 2003లోను, ఎవర్‌నోట్ 2008లోను వచ్చినవి. మన ఇళ్లకు సులువైనది 2013లో గూగుల్ వారు తెచ్చిన కీప్. రుసుము లేదు, అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఉండును, సిగ్నలు లేని పొలములో వ్రాసినను నెట్ అందిన తరువాత భద్రపరచుకొనును. తెలుగు టైపు చేయుట రానివారు కీబోర్డులోని మైకు గుర్తు నొక్కి తెలుగులో పలికినచో అదే వ్రాసికొనును. దానిలో ఈలాగు ఏర్పరచుకొనండి.

మొదట "చిట్టా" అని ఒక నోటు తెరచి, ఎల్లప్పుడు పైనే కనబడునట్లు పిన్ చేయండి. దినమంతయు తోచినది, విన్నది, ఎవరైనా చెప్పినది అంతయు ఒక్క వాక్యముగా అందులోనే వేయండి. ఆ సమయమున సర్దవద్దు. వాట్సాప్‌లో కొంత, క్యాలెండరుమీద కొంత, అట్టముక్కమీద కొంత వద్దు. చిట్టా ఒక్కటే ఉండవలెను.

తరువాత "కార్యములు", "బాధ్యతలు", "వివరములు" అని మూడు లేబుళ్లు చేయండి. ఒక్కొక్క కార్యమునకు ఒక్కొక్క నోటు వ్రాసి దానికి ఆ లేబులు తగిలించండి. ముగిసిన కార్యమును చెరిపివేయక ఆర్కైవులో ఉంచండి. అది కంటికి అడ్డు రాదు, వెదకినప్పుడు దొరకును. చెరిపివేసిన నోటు చెత్తబుట్టలో ఏడు దినములు మాత్రమే ఉండునని గుర్తుంచుకొనండి.

కీప్‌లో గంట గుర్తు నొక్కి దినమును, సమయమును పెట్టినచో ఫోను గుర్తుచేయును. ఒక నోటుకు ఒకే గుర్తుచేయు సమయము పెట్టగలము. ఇది లోపమువలె కనబడును గాని మనకు మేలే. కార్యములోని తరువాతి పని ఏదో దానికే ఆ గంట కట్టండి. ఆ పని ముగిసిన పిమ్మట దానిని తరువాతి పనికి మార్చండి.

పదములను గూర్చి ఒక మాట. ఒకచోట "రుణం", ఒకచోట "ఋణము", ఇంకొకచోట "లోను" అని వ్రాసినచో, వెదకినప్పుడు ఒకటి దొరకి రెండు దొరకవు. ఏదో ఒక మాటను ఎంచుకొని ఇంటిల్లిపాదియు అదే వ్రాయండి.

ఒక పుట ఏలాగుండవలెను?

అమ్మాయిని డిగ్రీలో చేర్పించు కార్యమును తీసికొందము. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశములు 'దోస్త్' అను ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుచున్నవి. ఆంధ్రప్రదేశ్‌లోను దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. చివరి దినమున పరుగెత్తువారికి ఎక్కువగా అడ్డుపడునవి రెండు: ఆధార్‌కు జతచేయబడని ఫోను నంబరు, చేతికి రాని ధ్రువపత్రము. గనుక ఆ పుటను ఈలాగు వ్రాయవచ్చును.

పేరు: అమ్మాయి డిగ్రీ ప్రవేశము.
ముగిసినట్లు ఎప్పుడు: కాలేజీలో చేరి ఫీజు రసీదు చేతికి వచ్చినప్పుడు.
తరువాతి పని: సోమవారము ఉదయము నాన్న మీసేవలో ఆదాయ ధ్రువపత్రమునకు దరఖాస్తు ఇచ్చుట.
ఎదురుచూచునవి: ఆధార్‌లో ఫోను నంబరు మార్పు; ఏ తేదీన ఇచ్చితిమి, రసీదు సంఖ్య ఎంత.
వివరములు: ఇంటర్ హాల్ టిక్కెట్టు సంఖ్య, కోరుకొన్న కాలేజీల పేర్లు.

ఇందులో "ఎదురుచూచునవి" అను వరుసను తేలికగా తీసికొనవద్దు. పల్లెలో మన పనులు అనేకము మన చేతిలో ఆగవు. తహశీల్దారు కార్యాలయములోనో, బ్యాంకులోనో, వడ్రంగి వద్దనో ఆగును. ఎవరికి, ఎన్నవ తేదీన, ఏ కాగితము ఇచ్చితిమో వ్రాసియుంచినవాడు మరల వెళ్లినప్పుడు ధైర్యముగా అడుగగలడు. "ఎప్పుడో ఇచ్చామండీ" అనువాని మాటకును, "పన్నెండవ తేదీన ఇచ్చాము, రసీదు నంబరు ఇదిగో" అనువాని మాటకును ఎంత భేదమున్నదో మీకు చెప్పనక్కరలేదు.

"ముగిసినట్లు ఎప్పుడు" అను వరుస కూడ ముఖ్యమే. ముగింపు వ్రాయని కార్యము ఎన్నటికిని ముగియదు. "ఇల్లు బాగుచేయుట" అని వ్రాసినచో పది సంవత్సరములైనను ఆ చీటీ అట్లే ఉండును. "వానలు రాకముందు పడమటి గదిలో నీరు కారకుండుట" అని వ్రాసినచో అది ఒకనాటికి ముగియును.

వారమునకు అరగంట

చిట్టాను ఆవర్జాలోనికి ఎక్కించుటకు షావుకారు దీపము పెట్టిన తరువాత కూర్చుండెడివాడు. మనకు వారమునకు ఒక అరగంట చాలును. మీకు వీలైన ఒక సాయంకాలమును ఎంచుకొని, ఆ దినమునే ప్రతి వారము కూర్చుండండి. ఈ కూర్పు లేనిచో పైన చెప్పిన లేబుళ్లు, గంటలు అన్నియు వ్యర్థము.

ఆ అరగంటలో మూడు పనులు చేయండి. మొదట చిట్టాలోని ఒక్కొక్క వాక్యమును చదివి, దాని పుటలోనికి మార్చి, చిట్టాలోనుండి తీసివేయండి. చేయనక్కరలేనిదానిని ధైర్యముగా కొట్టివేయండి. రెండవదిగా "కార్యములు" లేబులు తెరచి, ప్రతి పుటలో తరువాతి పని వ్రాసియున్నదా లేదా చూడండి. లేనిచోట వ్రాయండి. మూడవదిగా రాబోవు పదునైదు దినముల గడువులను చూచి, ఏ పని ఎవరు చేయుదురో ఒప్పుకొనండి.

కార్యములు ఇరువది దాటినచో ఆగి ఆలోచించండి. కొన్నిటిని "ఇప్పుడు కాదు" అని పక్కన పెట్టవలెను. ఒక ఎకరమునకు సరిపడు నీటిని అయిదు ఎకరములకు పారించినచో ఏ మడియు తడవదు.

ఇంటి జ్ఞాపకము ఒక్కరి తలలో ఉండరాదు

ఇంటి పనులన్నిటిని గుర్తుంచుకొను భారము చాల ఇళ్లలో తల్లిమీదనే పడుచున్నది. గ్యాసు ఎప్పుడు అయిపోవును, బిడ్డకు తరువాతి టీకా ఎప్పుడు, మామగారి బి.పి. మాత్రలు ఎన్ని మిగిలినవి, ఇవన్నియు ఆమె తలలోనే తిరుగును. పుట్టినప్పుడు, ఆరు, పది, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలు నిండిన తరువాత వేయించు టీకాలు ఆమెకు కంఠస్థము. మరొకవైపు అప్పులు, పాలసీలు, పాసుపుస్తకముల సంగతి తండ్రి తలలో మాత్రమే ఉండును. ఇద్దరిలో ఒకరు జబ్బుపడినచో ఇల్లు సగము గుడ్డిదగును. మునుపు చెప్పిన వేలకోట్ల రూపాయల వెనుక ఇటువంటి ఇండ్లును ఉన్నవి.

కీప్‌లో ఒక నోటును ఇతరులతో పంచుకొను వీలున్నది. భర్త మార్చినది భార్య ఫోనులో కనబడును, హాస్టలులోనున్న కుమారునికిని కనబడును. కనీసము రెండు పుటలనైనను భార్యాభర్తలు పంచుకొనవలెనని మా మనవి. ఒకటి, గడువుల పుట: రుణము, బీమా, ఫీజులు, టీకాలు. రెండవది, "ఏది ఎక్కడ" అను పుట: ఏ బ్యాంకులో ఖాతా ఉన్నది, నామినీ ఎవరు, ఏ పాలసీ కాగితము ఏ పెట్టెలో ఉన్నది, ఎవరికి ఎంత ఇవ్వవలెను, ఎవరి నుండి ఎంత రావలెను. ఆ రెండవ పుటను వ్రాయుటకు ఒక సాయంకాలము చాలును. అది లేని ఇంటివారు దుఃఖములో ఉండి కూడ నెలల తరబడి బ్యాంకుల చుట్టు తిరుగవలసి వచ్చుచున్నది.

చదువురాని పెద్దలున్న ఇంట ఇది ఎట్లు? వారమునకొకసారి కూర్చున్నప్పుడు పిల్లలు చదివి వినిపింపవలెను. పెద్దల జ్ఞాపకములోనుండి వచ్చు వివరములను అడిగి వ్రాయవలెను. పొలము సరిహద్దులు, బోరు లోతు, పాత బాకీలు వారికి తెలిసినంత మరెవరికి తెలియును?

కొన్ని జాగ్రత్తలు

ఏ.టి.ఎం. పిన్, బ్యాంకు పాస్‌వర్డు, ఓ.టి.పి. ఎన్నడును నోటులో వ్రాయవద్దు. కాగితము ఎక్కడ ఉన్నదో వ్రాయండి, రహస్యమును వ్రాయవద్దు. ఫోనుకు తాళము పెట్టండి. ఆధార్ వంటి పత్రములను ఫొటోలుగా ఉంచుటకంటె 2015లో ప్రభుత్వము తెచ్చిన డిజిలాకర్‌లో ఉంచుట మేలు. ఖాతాలోని సొమ్ము మోసముగా పోయినచో వెంటనే 1930కు ఫోను చేయండి. ఈ నంబరును "వివరములు"లో ఇప్పుడే ఎక్కించండి.

మీ నోట్సు ఫోనులోకంటె గూగుల్ ఖాతాలో ఉన్నవని తెలిసికొనండి. ఫోను పోయినను అదే ఖాతాతో క్రొత్త ఫోనులో తెరచినచో అవి మరల వచ్చును. అందుచేత దుకాణములో ఎవరో చేసి ఇచ్చిన ఖాతాతో సరిపెట్టుకొనక, ఖాతా పేరును, పాస్‌వర్డును కాగితముమీద వ్రాసి పెట్టెలో భద్రపరచండి. రెండు సంవత్సరములు వాడక విడిచిన ఖాతాలను తొలగించు నియమమును గూగుల్ వారు 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టిరి.

చివరి జాగ్రత్త ఇది. సర్దుటయే పనిగా పెట్టుకొనవద్దు. యౌవనస్థులు కొందరు ఇరువది లేబుళ్లు, పది రంగులు పెట్టి, ఈ నెల ఒక యాప్, వచ్చే నెల వేరొక యాప్ మార్చుచు, పని చేసినంత తృప్తి పొందుదురు. కొడవలిని రోజంతయు నూరినవాడు కోత కోసినవాడు కాడు. నోటుపుస్తకమే మీకు అనుకూలమైనచో దానిలోనే ముందు పుటలు చిట్టాకు, వెనుక పుటలు ఆవర్జాకు కేటాయించుకొనండి, నియమము ఒక్కటే.

ప్రియులారా, ఈ వారము ఒక్క కార్యముతో మొదలుపెట్టండి. మీ మనస్సును ఎక్కువగా నలుపుచున్న కార్యమేదో ఎంచుకొని, దానికి ఒక పుట తెరచి, ముగింపును, తరువాతి పనిని, చేయు దినమును, చేయువారి పేరును వ్రాయండి. ఆ రాత్రి దానిని గూర్చి మీరు మరల లెక్కించుకొనవలసిన అవసరముండదు.